నూడుల్స్‌లో మసాలా పొట్లం మొత్తం వేయాలా?

వంటింటి ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: బెంగుళూరులో చదువుతున్న మా అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడల్లా రకరకాల నూడుల్స్ పొట్లాలు సంచి నిండా తెస్తాడు. వాటిలో కూరగాయలు, కోడిగుడ్డు, మన పొడులు కలిపి మన రుచికి తెద్దామని చూస్తున్నాను కానీ, ఒకసారి ముద్దవుతున్నాయి, మరోసారి నోట పెట్టలేనంత ఉప్పగా ఉంటున్నాయి. లోపం ఎక్కడుందో చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: పొట్లంలో ఉన్న చుట్ట అప్పటికే ఉడికినది, పక్కనున్న మసాలాలో అప్పటికే ఉప్పు పడినది. ఈ రెండూ గుర్తుంచుకుంటే, కొత్తగా ఏది చేర్చినా ఆ మేరకు నీళ్లో, ఉప్పో, పొయ్యి మీద ఉంచే సమయమో తగ్గించాలని తెలుస్తుంది. మీరు చేరుస్తున్నారు కానీ తగ్గించడం లేదని నా అనుమానం.

1958లో జపాన్‌లో మొమొఫుకు అండో ఈ నూడుల్స్‌ను మొదటిసారి అమ్మకానికి తెచ్చినప్పటి నుంచి చాలా కంపెనీలు పాటిస్తున్న పద్ధతి ఒకటే: మైదా పోగులను ముందు ఆవిరి మీద ఉడికించి, తరువాత కాగిన నూనెలో వేయించడం. వేగేటప్పుడు లోపలి తేమ ఆవిరై బయటకు పోవడం వల్ల పోగులో సన్నని రంధ్రాలు మిగులుతాయి, మనం పోసిన వేడినీళ్లు వాటిగుండానే చొరబడి రెండు మూడు నిమిషాల్లో పోగును మెత్తబరుస్తాయి. అంత తక్కువ సమయంలో క్యారెట్టు గానీ బీన్సు గానీ ఉడకదు. అవి ఉడికే వరకు గిన్నెను పొయ్యి మీదే ఉంచితే పోగులు నీళ్లన్నీ తాగి ముద్దవుతాయి. మన ఇళ్లలో ఒత్తుశావిగలు చేసే తీరు ఒకసారి తలచుకోండి. శావిగ వేరుగా తయారవుతుంది, తాలింపు వేరుగా తయారవుతుంది, రెండూ చివర్లో కలుస్తాయి. ఇక్కడా అదే వరుస పాటించండి.

ముందుగా బాణలిలో చెంచాడు నూనె వేసి, ఆవాలు చిటపటమన్నాక ఎర్రగడ్డ ముక్కలు, పచ్చిమిరప, కరివేపాకు వేయించి, సన్నగా తరిగిన కూరగాయలను మూతపెట్టి ముప్పాతిక వంతు మగ్గనివ్వండి. ఒక టమాటా వేసి అది పూర్తిగా కరిగాకే నీళ్లు పోయండి. మదనపల్లె వైపు నుంచి వచ్చే పండిన టమాటా అయితే దాని రసమే చాలా ఉంటుంది గనుక, పొట్లం మీద రాసిన నీళ్ల కొలతలో నాలుగైదు చెంచాలు తగ్గించవచ్చు. నీళ్లు తెర్లుతున్నప్పుడు సగం మసాలా, ఆ వెనుకే చుట్ట వేయండి. చుట్టను చిదమవద్దు, ఒక నిమిషం తరువాత తిరగేస్తే దానంతటదే విడిపోతుంది. పోగులో ఇంకా కొంచెం పట్టు ఉండగానే పొయ్యి ఆపేయాలి, మిగిలిన పని గిన్నెలోని వేడి చూసుకుంటుంది.

ఇక ఉప్పు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే 2000 మిల్లీగ్రాముల లోపు సోడియం చాలంటుంది. 70 గ్రాముల పొట్లాలు చాలా వాటిలో ఒక్కదానితోనే అందులో మూడో వంతుకు పైగా లోపలికి పోతుంది. అందుచేత మసాలా సగమే వేసి, విడిగా ఉప్పు అసలు వేయకుండా, ఆ లోటును పులుపుతోనూ కమ్మదనంతోనూ పూడ్చుకోవాలని నా సలహా. దించాక అర నిమ్మచెక్క పిండండి. వేయించిన వేరుశనగ, అంటే మన చెనక్కాయల పొడి రెండు చెంచాలు పైన చల్లండి. ఈ పొడిని ఉడికేటప్పుడు వేస్తే నీళ్లు పీల్చుకుని గోజులా చిక్కబడుతుంది, అందుకే చివర్లో వేయమంటున్నాను. సంక్రాంతి రోజుల్లో అనపకాయలు దొరికితే, నానబెట్టి తొక్క తీసిన పితికిపప్పును ముందే ఉడికించి కలపండి. నేను చేసి చూసిన వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ముందురోజు నాటుకోడి పులుసు మిగిలి ఉంటే దాన్ని నీళ్లతో పలచన చేసి అందులోనే నూడుల్స్ ఉడికించవచ్చు, అయితే అప్పుడు పొట్లంలోని మసాలాను పూర్తిగా పక్కన పెట్టేయాలి.

కోడిగుడ్డును గిలక్కొట్టి మొదట్లోనే పోస్తే చారు మురికిగా కనిపిస్తుంది. పోగులు సగం ఉడికాక మధ్యలో చోటు చేసి గుడ్డును పగలగొట్టి వేసి, కదపకుండా సన్నని మంట మీద మూతపెట్టి, తెల్లసొన గట్టిపడ్డాక దించండి.

మీ అబ్బాయి తెచ్చే కొరియా రకాలకు ఈ లెక్క కొంచెం మారుతుంది. వాటి పోగు లావు, పొట్లం కూడా 120 గ్రాములో అంతకంటే ఎక్కువో ఉంటుంది గనుక ఉడకడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. వాటి కారానికి మన గుంటూరు మిరపపొడిని తోడు చేయడం అనవసరమైన సాహసం. చెంచాడు వెన్న గానీ, కాసిన్ని పాలు గానీ ఆ కారాన్ని అణుస్తాయి. పెరుగు మాత్రం మరిగే చారులో పోయకండి, విరిగిపోతుంది.

ప్రశ్న: నూడుల్స్‌కు మైనం పూత ఉంటుందని, మొదటి నీళ్లు పారబోసి మళ్లీ కొత్త నీళ్లలో ఉడికించాలని మా వదిన అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మైనం పూత లేదు. పోగులు ఒకదానికొకటి అంటుకోకుండా నిగనిగలాడేది వేయించిన నూనె వల్లనే, నీళ్ల మీద తేలే జిడ్డు కూడా అదే. మీ వదినగారి పద్ధతిలో కొంత నూనె నీళ్లతో పాటు పోయే మాట నిజమే కాబట్టి, ఆమె చేసే పనిలో తప్పేమీ లేదు, చెప్పే కారణమే సరికాదు. అలా వార్చాలనుకుంటే ఒక నిమిషం ముందుగానే దించి, చన్నీళ్లు చిలకరించి పళ్లెంలో ఆరబెట్టండి. ఆ పోగులు చారుకు పనికిరావు గానీ, బాణలిలో క్యాబేజీ, మిరియాల పొడితో పొడిపొడిగా వేయించుకోవడానికి బాగా కుదురుతాయి.