కరెంటు చార్జీలపై 2000 నాటి ఉద్యమం: బిల్లు కౌంటరులో కూర్చున్నవాడి జవాబు

మీ ప్రశ్నలో రెండు సందేహాలు కలిసి ఉన్నాయి. ఖర్చు తగ్గించుకునే పేరుతో ప్రభుత్వాలు ప్రజల మీద భారం మోపినప్పుడు వీధుల్లోకి రావడం వల్ల ఫలితం ఉంటుందా అన్నది మొదటిది. అలాంటి ఉద్యమాలన్నీ పెట్టుబడిదారీ విధానానికీ సోషలిజానికీ మధ్య నడిచే పాత తగవులేనని మీ మిత్రులు అంటున్న మాట నిజమేనా అన్నది రెండవది. మీరు గ్రీసు ఉదాహరణ ఇచ్చారు కానీ, నేను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000లో జరిగిన విద్యుత్ ఉద్యమం ఆధారంగా జవాబు చెబుతాను. అప్పట్లో నేను నల్లగొండ జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో కరెంటు ఆఫీసు కౌంటరులో బిల్లులు కట్టించుకునే ఉద్యోగిని.

ఆ ఉద్యమం ఒక్క చార్జీల పెంపుతో పుట్టింది కాదు. 1996లో రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది. మరుసటి ఏడాది మద్యనిషేధం పోయింది. ఖజానాలో డబ్బు లేదన్న మాట రోజూ పత్రికల్లో వచ్చేది. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం చేశారు. 1959 నుంచి ఉన్న రాష్ట్ర విద్యుత్ బోర్డును 1999 ఫిబ్రవరిలో కరెంటు ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకు ట్రాన్స్‌కో అని రెండు సంస్థలుగా విడదీశారు. అదే నెలలో ప్రపంచ బ్యాంకు ఈ సంస్కరణల కోసం 21 కోట్ల డాలర్ల తొలి విడత రుణాన్ని ఆమోదించింది. కరెంటు చార్జీలు నిర్ణయించడానికి కొత్తగా ఏర్పడిన విద్యుత్ నియంత్రణ మండలి, చార్జీలు పెంచుతూ ఇచ్చిన మొదటి టారిఫ్ (ధరల) ఉత్తర్వు 2000 జూన్‌లో అమలులోకి వచ్చింది. మా వరకు అంతకుముందు కనిపించిన మార్పల్లా జీతపు చీటీ మీద సంస్థ పేరు మారడమే. జూన్ తర్వాత మాత్రం మార్పు కౌంటరు ముందుకొచ్చి నిలబడింది.

ఆ నెలల్లో కౌంటరు దగ్గర విన్న మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి. చేనేత కుటుంబానికి చెందిన ఒక పెద్దావిడ పాత బిల్లునూ కొత్త బిల్లునూ పక్కపక్కన పెట్టి, "సారూ, ఇంట్ల రెండు బుగ్గలు, ఒక పంకనే ఉండె. కొత్తగ ఏం పెట్టలే. మరి బిల్లెట్ల పెరిగె?" అని అడిగింది. వాడిన యూనిట్లను బట్టి రేటు మారే శ్లాబులంటే ఏమిటో నేను చెప్పబోయాను. ఆమెకు శ్లాబుల సంగతి నాకంటే బాగానే తెలుసు. ఆమె అడుగుతున్నది వేరు. తాను ఏమీ ఎక్కువ వాడకుండా తన మీద ఎక్కువ పడటానికి కారణం ఎవరు అన్నదే ఆమె ప్రశ్న. పెట్టుబడిదారీ విధానం, సోషలిజం అన్న మాటలు ఆమె నోట రాలేదు గానీ, ఆ చర్చకు అసలు విషయం అదేనని నా అభిప్రాయం.

ఆ ప్రశ్నకు అధికారికంగా వచ్చిన జవాబు, రైతులకు చవకగా ఇస్తున్న కరెంటు వల్లే బోర్డు మునిగిపోయిందని. ఇందులో కొంత నిజముంది. పంపుసెట్లకు మీటర్లు లేవు, హార్స్‌పవర్ లెక్కన ఏడాదికింత అని కట్టించుకునేవాళ్లం, దానికీ అసలు ఖర్చుకూ పొంతన ఉండేది కాదు. అయితే మీటరు లేని చోట వినియోగం ఎంతో ఎవరూ కొలవలేరు కనుక, దొంగతనంగా పోయిన కరెంటూ, నాసిరకం లైన్లలో వృథా అయిన కరెంటూ కలిపి వ్యవసాయం ఖాతాలో రాసేయడం సులువుగా ఉండేది. సంస్కరణల ముందు లెక్కలు తిరిగి చూసుకున్నప్పుడు అంతకాలం మొత్తం కరెంటులో ఐదో వంతుకు మించవని చూపిస్తూ వచ్చిన సరఫరా నష్టాలు దాదాపు మూడో వంతని తేలింది. రైతు నిజంగా ఎంత పెడుతున్నాడో తెలుసుకోవాలంటే మా ఆఫీసుకు కాదు, మోటారు వైండింగ్ షాపుకు వెళ్లాలి. లోవోల్టేజికి మోటారు కాలేది. దాన్ని బోరులోంచి పైకి తీయించి, ట్రాక్టరులో తెచ్చి, రాగితీగ చుట్టించి, మళ్లీ దించేసరికి అయ్యే ఖర్చు ముందు మాకు కట్టే ఏడాది రుసుము చిన్నదిగా కనిపించేది. పంట చేతికొచ్చే కాలంలో మా ఊరి వైండింగ్ షాపుల ముందు మోటార్లు వరుసగా పడి ఉండేవి. ఆ ఖర్చు ఏ సబ్సిడీ లెక్కలోనూ రాదు.

రెండో వైపు లెక్క గురించి మాత్రం అప్పట్లో అంత గట్టిగా ఎవరూ మాట్లాడలేదు, వామపక్షాలు తప్ప. 1991 తర్వాత ప్రైవేటు విద్యుత్ కేంద్రాలకు కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన విధానం ప్రకారం, విద్యుత్ కేంద్రం 68.5 శాతం సామర్థ్యంతో నడిస్తే చాలు, యజమాని పెట్టిన ఈక్విటీ (సొంత పెట్టుబడి) మీద 16 శాతం రాబడికి హామీ ఉండేది. ఇంధనం ధర పెరిగితే ఆ భారం కొనుగోలుదారుది. కరెంటు తీసుకోకపోయినా స్థిర చార్జీలు చెల్లించాల్సిందే. జేగురుపాడు, కాకినాడ గ్యాస్ కేంద్రాల నుంచి బోర్డు కొన్న కరెంటు ఇలాంటి దీర్ఘకాలిక ఒప్పందాల కిందే వచ్చింది. నష్టం వస్తే తానే భరించడమన్నది లేని వ్యాపారాన్ని పెట్టుబడిదారీ విధానమని ఎలా అంటారో నాకు అర్థం కాదు. అలాగే ఆదాయ వ్యయాలు బయటపెట్టకుండా, కనెక్షను కోసం పేదవాణ్ణి కాళ్లరిగేలా తిప్పుకున్న పాత బోర్డును సోషలిజమని పిలవడానికీ నాకు మనసొప్పదు. మా యూనియన్ గదిలో ఈ రెండు పేర్ల మీద రాత్రి పొద్దుపోయేదాకా వాదులాడుకునేవాళ్లు. ఒకాయన సోవియట్ యూనియన్‌తో మొదలుపెడితే, ఇంకొకాయన సింగపూర్ దగ్గర ముగించేవారు. బల్ల మీదున్న టారిఫ్ ఉత్తర్వును మాత్రం ఎవరూ తెరిచేవారు కాదు.

ఇక ఉద్యమం సంగతి. తొమ్మిది వామపక్షాలు కలిసి గ్రామస్థాయి నుంచి కదిలించాయి. కాంగ్రెస్ కూడా పోరులోకి దిగింది, వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఆధ్వర్యంలో శాసనసభ్యులు నిరాహారదీక్ష చేశారు. ఆగస్టు 28న చలో అసెంబ్లీకి మా మండలం నుంచి వెళ్లినవాళ్లలో మా బావ ఒకరు. నాకు ఉద్యోగం అడ్డం, ఆయనకు పార్టీ సభ్యత్వం ఉంది. బషీర్‌బాగ్ దగ్గర పోలీసులు ముళ్లకంచెలు వేసి ఊరేగింపును ఆపారు. లాఠీలు, నీటి ఫిరంగులు, బాష్పవాయువు అయ్యాక కాల్పులు జరిగాయి. విష్ణువర్ధన్‌రెడ్డి, రామకృష్ణ, బాలస్వామి ప్రాణాలు కోల్పోయారు. బావ మరునాడు మధ్యాహ్నానికి ఇల్లు చేరారు, ఒక కాలికి చెప్పు లేదు, ఎడమ మోచేయి వాచి ఉంది. అక్క ఏడుస్తూ తిడుతుంటే ఆయన నన్ను చూసి, "మీ ఆఫీసోళ్లు బిల్లు తగ్గించిన్రా బావా?" అని మాత్రం అడిగారు.

తగ్గించలేదు. ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు పెంపును ఉపసంహరించుకోలేదు. అందుకని ఉద్యమం ఓడిపోయిందని తేల్చేవాళ్లు అప్పుడూ ఉన్నారు. కానీ చార్జీలను ఏటా పెంచుకుంటూ పోవాలన్న సంస్కరణల ప్రణాళిక ఆ తర్వాత అనుకున్నట్టు నడవలేదు, ఆ స్థాయి పెంపుకు ఆ ప్రభుత్వానికి మళ్లీ ధైర్యం చాలలేదు. 2004 ఎన్నికల్లో ప్రభుత్వం మారింది, మే 14న ఎల్బీ స్టేడియంలో ప్రమాణ స్వీకారం చేసిన వేదిక మీదే వై.ఎస్. రైతులకు ఉచిత విద్యుత్ ఫైలుపై తొలి సంతకం చేశారు. కరవు, రైతుల ఆత్మహత్యలు కూడా ఆ ఎన్నికల మీద పనిచేశాయి కనుక మొత్తం ఘనత బషీర్‌బాగ్‌కే కట్టబెట్టడం సరికాదు. అయినా ఆ తర్వాత ఏ పార్టీ అధికారంలోకి వచ్చినా, రెండు రాష్ట్రాలుగా విడిపోయాక కూడా, వ్యవసాయానికి ఉచిత విద్యుత్‌ను ఎత్తేయలేదు. తెలంగాణలో 2018 జనవరి నుంచి అది 24 గంటల సరఫరా అయింది.

అయితే వీధి సాధించలేనిది కూడా ఒకటుంది. ఆ ఊరేగింపులు తర్వాతి పెంపులను నిలువరించగలిగాయి గానీ, ప్రైవేటు కేంద్రాలతో కుదిరిన కొనుగోలు ఒప్పందాలను తెరిపించలేకపోయాయి. గ్రీసులోనూ అదే చూశాం. 2015 జూలై 5 రెఫరెండంలో 61 శాతం మంది రుణదాతల షరతులు వద్దన్నారు. పది రోజులు తిరక్కముందే ప్రధాని సిప్రాస్ ప్రభుత్వం కొత్త షరతులకు తల ఒగ్గింది. అక్కడ వామపక్షమే అధికారంలో ఉందన్నది మీ మిత్రులు గమనించాల్సిన విషయం. మన దగ్గర ఒప్పందాల మీద పనికొచ్చే ప్రశ్నలు చాలావరకు నియంత్రణ మండలి బహిరంగ విచారణల్లో వచ్చాయి. రైతు సంఘాల వాళ్లు, పదవీ విరమణ చేసిన ఇంజనీర్లు, పార్టీల తరఫున లెక్కలు చదివి వచ్చినవాళ్లు అక్కడ లేచి యూనిట్ కొనుగోలు ధర దగ్గర నుంచి పంపిణీ నష్టాల దాకా అడిగేవారు. బయట ధర్నా లేని ఏడాది లోపల వాళ్ల మాటకు అంత విలువ దక్కేది కాదని ఒక సీనియర్ ఇంజనీరు నాతో అన్నారు. నేను చూసినంతలో అది నిజమే.

మీరు ఇప్పటి ఇంధన సర్దుబాటు చార్జీల మీద జరిగే ధర్నాకు వెళ్లాలా వద్దా అని అడిగారు. వెళ్లండి. వెళ్లేముందు మీ బిల్లులో చివరి వరుసల్లో ట్రూఅప్, సర్దుబాటు అని (ముందు వేసిన అంచనాకు మించిన ఖర్చును తర్వాత రాబట్టుకోవడానికి) వేసిన మొత్తం ఏ కాలానికి సంబంధించిందో చూసుకోండి. కరెంటు పంపిణీ సంస్థలు (డిస్కంలు) వచ్చే ఏడాది ఆదాయ అవసరాల నివేదికను సాధారణంగా నవంబరు నెలాఖరుకు మండలికి సమర్పించాలి. దాని మీద అభ్యంతరాలు రాతపూర్వకంగా ఎవరైనా పంపవచ్చు, విచారణలో మాట్లాడతామని అందులోనే కోరవచ్చు, వకీలు అక్కర్లేదు. ఆ నివేదికలో విద్యుత్ కొనుగోలు ఖర్చు పట్టికతో మొదలుపెట్టండి. ఏ కేంద్రం నుంచి కొనకుండానే ఎంత స్థిర చార్జీ కడుతున్నారో అందులో దొరుకుతుంది, మీ మిత్రులతో వాదించడానికి కూడా అది పనికొస్తుంది.