పోవడానికి రెండు గంటలు, రావడానికి ఐదా?

ప్రశ్న: మా తమ్ముడు దుబాయ్‌లో పనిచేస్తాడు. ఈసారి టికెట్ నేనే చూశాను. శంషాబాద్‌లో పొద్దున 10.00కి ఎక్కితే అక్కడ 12.20కి దిగుతాడట. వచ్చేటప్పుడు మాత్రం మధ్యాహ్నం 3.30కి బయలుదేరి ఇక్కడ రాత్రి 8.30కి దిగుతాడట. దూరం అదే కదా, ఇంత తేడా ఏంటి? మేం జగిత్యాల నుంచి ఎప్పుడు బయలుదేరాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: టికెట్ మీద ఏ ఊరి పక్కన ఉన్న టైమ్ ఆ ఊరి గడియారానిదేనండీ. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. అక్కడ 12.20 అయితే ఇక్కడ 1.50, అంటే పోవడానికి పట్టింది 3 గంటల 50 నిమిషాలు. అక్కడ 3.30 అంటే మనకు సాయంత్రం 5.00, అంటే రావడానికి మూడున్నర గంటలు. మీరు ఎక్కువ అనుకున్నదే నిజానికి తక్కువ!

ఆ మిగిలిన 20 నిమిషాల తేడా మాత్రం గాలి వల్ల. సూటిగా కొలిస్తే రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం దాదాపు 2,550 కిలోమీటర్లు, విమానం పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తున పోతుంది, ఆ ఎత్తులో ముఖ్యంగా చలికాలంలో పడమటి నుంచి గాలి గట్టిగా కొడుతుంది, కాబట్టి పోయేటప్పుడు అది ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోసే గాలి. సీటు ముందు స్క్రీన్ ఉంటే మీ తమ్ముణ్ని మ్యాప్ పెట్టి చూడమనండి, నేలతో పోల్చి చూపించే వేగం పోయేటప్పుడు ఒకలా, వచ్చేటప్పుడు ఇంకోలా ఉంటుంది. ఇంజిన్ల కష్టం మాత్రం రెండుసార్లూ ఇంచుమించు ఒకటే. వానాకాలంలో దక్షిణాది మీద బాగా ఎత్తున గాలి తూర్పు నుంచి వీస్తుంది, అప్పుడు ఈ తేడా తగ్గుతుంది.

ఇక మీ ప్రయాణం. ‘3.30కి ఎక్కాను’ అనే ఫోన్ కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి, ఆ ఫోన్ మీకు ఐదింటికి వస్తుంది. 8.30కి దిగినా ఇమిగ్రేషన్, లగేజీ అయ్యేసరికి గంట ఈజీగా పడుతుంది. నాలుగు ప్రాంతంలో బండి తీస్తే సరిపోతుంది. అమ్మ వస్తానంటే ఇంకో అరగంట ముందు, దారిలో టీకి ఆగాలి కదా.

ప్రశ్న: హైదరాబాద్–వైజాగ్ ఆకాశ మార్గాన 510 కిలోమీటర్లే. గంటకు 800 వేగమంటే 40 నిమిషాలు చాలు. మరి టికెట్‌లో గంటా పావు ఎందుకు రాస్తారు?

జవాబు: టికెట్ టైమ్ గేటు నుంచి గేటుకు. వెనక్కి నెట్టించుకోవడం, రన్‌వే దాకా నేల మీద పాకడం, అక్కడ వరుసలో నిలబడడం, అన్నీ అందులోనే. పైగా ఇంత దగ్గరి ఊరికి పూర్తి వేగంతో ఎగిరేది కాసేపే, పైకి ఎక్కడం అయ్యీ కాకముందే కిందికి దిగడం మొదలవుతుంది, దారి కూడా స్కేలు పెట్టి గీసినట్టు ఉండదు. ఆపైన ఆలస్యమైతే సర్దుకోడానికి విమాన సంస్థలు కొన్ని నిమిషాలు కలిపి మరీ రాస్తాయి. ‘పది నిమిషాలు ముందే దిగాం’ అని పైలట్ చెప్పినప్పుడు మిగిలేది ఆ నిమిషాలే.