పాత కారుకు ఉన్న గ్రిల్, హెడ్‌లైట్ రింగు ఆ కాలానివేనా అని ఎలా నిర్ధారించాలి?

ఛాసిస్ నంబరు, డేటా ప్లేటు (కారు వివరాలు ముద్రించిన లోహపు పలక) తెలిపే మోడల్ సంవత్సరం, తయారీ తేదీ, వేరియంట్ వివరాలను ఆనాటి విడిభాగాల కేటలాగ్‌తో పోల్చి నిర్ధారించాలి. రిజిస్ట్రేషన్ సంవత్సరం ఇందుకు చాలదు. కంపెనీలు బాడీని అలాగే ఉంచి ముందు భాగపు అలంకరణను మాత్రం తరచూ మార్చేవి కాబట్టి, చూపుకు ఒకేలా కనిపించే రెండు కార్ల గ్రిల్‌లు వేర్వేరుగా ఉండవచ్చు.

ఉదాహరణకు, 1965 ఫోర్డ్ ముస్టాంగ్ గ్రిల్‌లో తేనెపట్టు లాంటి జాలీ, గుర్రం చిహ్నానికి ఇరువైపులా అడ్డ పట్టీలు ఉండేవి. 1966లో జాలీ స్థానంలో సన్నని అడ్డ గీతలు వచ్చాయి, పట్టీలు పోయాయి. అయితే జీటీ రకంలో ఫాగ్ ల్యాంపులను కలిపే పట్టీ 1966లోనూ కొనసాగింది కనుక, పట్టీ కనబడగానే 1965 కారని తేల్చడం తొందరపాటే. ముస్టాంగ్ ఛాసిస్ నంబరు 5తో మొదలైతే 1965 మోడల్, 6తో మొదలైతే 1966 మోడల్.

చక్కగా బిగిసిన భాగమే అసలైనదన్నది సాధారణ అపోహ. అమెరికాలో 1940 మోడళ్ల నుంచి ఏళ్ల తరబడి 7 అంగుళాల గుండ్రని సీల్డ్ బీమ్ దీపం (అద్దం, బల్బు కలిసి ఒకే ముక్కగా మూసి ఉండేది) ప్రామాణికంగా ఉండటంతో, దీపం సరిపోవడం దేనికీ రుజువు కాదు. చూడవలసింది దాని చుట్టూ ఉన్న రింగు ఆకృతిని.