మీరడిగారు: ఇంటి కంప్యూటర్‌లో ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి ఏది పెట్టుకోవాలి?

ప్రశ్న: మా అమ్మాయికి పదకొండేళ్లు. ఇంట్లో ఉన్నది 4 జీబీ ర్యామ్, విండోస్ 7 ఉన్న పాత కంప్యూటర్. నెట్ కూడా ఎప్పుడూ ఉండదు. స్క్రాచ్ పెట్టాలా, నేరుగా పైథాన్ మొదలుపెట్టించాలా?

జవాబు: రెండూ ఉచితమే కాబట్టి డబ్బు సంగతి పక్కన పెట్టండి. ముందు అమ్మాయి టైపింగ్ చూడండి. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతుంటే, పైథాన్‌లో తప్పిపోయిన బ్రాకెట్లూ కోలన్లూ పట్టుకోవడంతోనే సరిపోతుంది, అసలు లెక్క దాకా రాదు. అప్పుడు స్క్రాచే నయం. ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్ ముఖ్యంగా 8 నుంచి 16 ఏళ్ల వాళ్ల కోసం. బ్లాకుల్ని లాగి ఒకదాని కింద ఒకటి తగిలిస్తే చాలు. పొసగని బ్లాకు అసలు అతుక్కోదు.

చిక్కల్లా మీ విండోస్‌తోనే. ఇప్పటి స్క్రాచ్ 3ని ఇన్‌స్టాల్ చేసుకోవాలంటే విండోస్ 10 ఉండాలి. మీరు స్క్రాచ్ పాత వెర్షన్ 1.4 దింపుకోండి. ఒకసారి ఎక్కించాక నెట్ అక్కర్లేదు, పాత మెషిన్ మీద కూడా హాయిగా నడుస్తుంది. అందులో క్లోన్లు (ప్రోగ్రామ్ నడుస్తుండగా బొమ్మకు తయారయ్యే నకళ్లు) ఉండవు, సొంత బ్లాకులు చేసుకోవడం కుదరదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఆ లోటు తెలియదు. 1.4లో చేసిన ప్రాజెక్టులు రేపు స్క్రాచ్ 3లో తెరుచుకుంటాయి. అక్కడ చేసినవి మాత్రం ఇక్కడ తెరుచుకోవు, స్నేహితుల ఫైళ్లు తెచ్చుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

టైపింగ్ బాగానే వస్తే పైథాన్ ప్రోగ్రాములు రాసి నడిపించుకునే థోనీ అనే సాఫ్ట్‌వేర్ పెట్టండి. ఎస్తోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో, కొత్తవాళ్ల కోసమే తయారైంది. పైథాన్ దాంతోపాటే వస్తుంది. మీరు మాత్రం 32 బిట్ పైథాన్ 3.8తో ఉన్న ఇన్‌స్టాలరే ఎంచుకోవాలి. పైథాన్ 3.9 నుంచి విండోస్ 7 మీద నడవదు.

పెట్టాక వ్యూ మెనూలో వేరియబుల్స్‌కి (ప్రోగ్రామ్ దాచుకునే విలువలకు) టిక్ పెట్టండి. వయసు అడిగి, దానికి ఒకటి కలిపే ప్రోగ్రామ్ రాయించండి. కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కి, ఆపైన ఎఫ్7 నొక్కుతూ పోతే ఒక్కో అడుగూ కళ్లముందే జరుగుతుంది. అమ్మాయి 11 కొట్టగానే పక్కన అది కోట్స్ మధ్యలో కనిపిస్తుంది. అంటే పైథాన్ దాన్ని సంఖ్యగా కాక అక్షరాలుగా తీసుకుంది. ఒకటి కలపబోతే ఎర్రర్ వస్తుంది. ఇన్‌పుట్‌ని ఇంట్ (int, సంఖ్యగా మార్చమని చెప్పేది) బ్రాకెట్లలో పెడితే కోట్స్ పోతాయి, లెక్క సాగుతుంది. పిల్లలు ఎక్కువగా తట్టుకుని పడేది ఇక్కడే, అది కంటికి కనిపిస్తుంది కాబట్టే మా ఓటు థోనీకి. పైథాన్‌కే ఉన్న పైచార్మ్ లాంటి పెద్ద సాఫ్ట్‌వేర్లు ఉద్యోగాలు చేసేవాళ్లకు. 4 జీబీ మెషిన్‌లో అవి తెరుచుకునేసరికే ఉత్సాహం చల్లారిపోతుంది.

ప్రశ్న: పైథాన్‌లో బొమ్మలు గీసే టర్టిల్ మాడ్యూల్‌తో చతురస్రం గీసే ప్రోగ్రామ్ పుస్తకంలో ఉన్నట్టే రాశాడు మా బాబు. ‘పార్షియల్లీ ఇనిషియలైజ్డ్ మాడ్యూల్’ అని ఏదో వస్తోంది. మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా అంతే.

జవాబు: ఫైలుకి ఏం పేరు పెట్టాడో చూడండి. బహుశా టర్టిల్ అనే పెట్టి ఉంటాడు. ఇంపోర్ట్ టర్టిల్ అనగానే పైథాన్ ముందు ఆ ఫోల్డర్‌లోనే వెతుకుతుంది. అసలు టర్టిల్‌కి బదులు బాబు ఫైలు దొరికి, తనను తానే తెచ్చుకుంటుంది. పేరు మార్చండి, చతురస్రం అనో ఇంకేదో. రాండమ్ పేరుతోనూ ఇదే గొడవ.

ప్రశ్న: సీ ప్లస్ ప్లస్ నేర్చుకోవడానికి టర్బో సీ ప్లస్ ప్లస్ చాలదా?

జవాబు: సిలబస్‌లో అదే ఉంటే తప్పదు. లేకపోతే వద్దు. సీ ప్లస్ ప్లస్‌కి ప్రమాణం ఏర్పడింది 1998లో, టర్బో అంతకు ముందుది. అందులో ఇంట్ (పూర్ణసంఖ్యలు దాచే రకం) 16 బిట్లే, 32767 దాటితే తిరగబడుతుంది. 300ని 200తో గుణించి ఇంట్‌లో దాచి చూడండి, 60000కి బదులు మైనస్ 5536 వస్తుంది. కుర్రాడు తన ప్రోగ్రామే తప్పనుకుని దిద్దుతూ కూర్చుంటాడు. దానికి బదులు కోడ్ బ్లాక్స్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి. డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఫైలు పేరులో ‘మింగ్‌డబ్ల్యూ’ ఉన్నదే తీసుకోవాలి. మామూలు సెటప్‌లో కంపైలర్ (రాసిన ప్రోగ్రామ్‌ని కంప్యూటర్ నడపగలిగేలా మార్చేది) ఉండదు, రన్ నొక్కితే ఏమీ నడవదు.