ఎడారి బల్లి నీళ్లు తాగకుండా ఎలా బతుకుతుంది?

అన్ని ఎడారి బల్లుల సంగతి ఎందుకు గానీ, నేను కళ్లారా చూసిన థార్ ఎడారి సాండా గురించి చెప్తాను. ముళ్ల తోక బల్లి అన్నమాట.

మార్చిలో జైసల్మేర్ వెళ్లాం. అందరిలాగే నేనూ ఇసుక తిన్నెల్లో వెతుకుదామన్నాను. జీపు డ్రైవర్ నవ్వాడు. "అక్కడ కన్నం తవ్వితే కూలిపోదా సార్?" అంటూ గట్టినేల ఉన్న మైదానానికి తీసుకెళ్లాడు. ఒక కన్నానికి ఇరవై అడుగుల దూరంలో కూర్చున్నాం. కాస్త ఎండ పడ్డాక ముందు ముక్కు కనిపించింది, తర్వాత తల. అలాగే పావుగంట కదల్లేదు. నా కాళ్లు తిమ్మిరెక్కాయి. బయటికొచ్చినప్పుడు ముదురు రంగులో ఉంది, ఒళ్లు వేడెక్కేకొద్దీ లేత ఇసుక రంగుకి తేలింది. మూరకు కాస్త తక్కువ ఉంటుందేమో, తోక నిండా వరుసలు వరుసలుగా ముళ్లు. పురుగునో పుట్రనో పడుతుందని చూస్తుంటే, పక్కనున్న మొక్క దగ్గరికెళ్లి మేకలా ఆకులు తుంచుకోవడం మొదలెట్టింది!

మీ ప్రశ్నకు జవాబు ఆ ఆకుల్లోనే ఉంది. దానికి కావలసిన నీళ్లు చాలావరకు మేతలోంచే వస్తాయి. మూత్రం కూడా మనలా పారబోయదు, తెల్లటి ముద్దలా విసర్జిస్తుంది. మండుటెండలో కన్నంలోకి దూరుతుంది. చలికాలమంతా లోపలే పడుకుని, తోకలో దాచుకున్న కొవ్వుతో నెట్టుకొస్తుంది.

ఆ కొవ్వే దాని ప్రాణం మీదికి తెచ్చింది. కీళ్లనొప్పులకూ, మగతనానికీ అంటూ ఫుట్‌పాత్‌ల మీద సాండా నూనె అమ్ముతారు కదా, అది ఇదే. పారిపోకుండా వెన్ను విరిచి, బతికుండగానే ముందు పెట్టుకుని అమ్ముతారు. అది మందూ కాదు, మాకూ కాదు, ఉత్త కొవ్వు అంతే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని వేటాడటం నేరం. అయినా కొనేవాళ్లలో చదువుకున్నవాళ్లూ ఉంటారు, నేను చూశాను. ఇంట్లో బల్లి మీద పడితే శాస్త్రం చూసేవాళ్లు, ఈ బల్లి నూనె మాత్రం ఒంటికి రాసుకుంటారు!

సాయంత్రం మళ్లీ అటే వచ్చాం. పొద్దున గంటసేపు చూసిన కన్నం ఎంత వెతికినా కనపడలేదు. ఇంకో అడుగు వేయబోతే డ్రైవర్ నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. లోపల్నుంచి మట్టితో మూసేసుకుందట, నేను సరిగ్గా దాని తలుపు మీదే కాలు పెట్టబోయాను.