వికారానికి మణికట్టు దగ్గర ఎక్కడ నొక్కాలంటే

బస్సెక్కితే వచ్చే వికారం తగ్గాలని వారం నుంచి మణికట్టు మడత మీద నొక్కుతున్నానని, గుణం లేకపోగా చర్మం కమిలిందని రాశారు. చోటు తప్పిందండీ, బలం కూడా ఎక్కువైంది.

అరచేయి పైకి తిప్పి, రెండో చేతి చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లు కలిపి మణికట్టు మీద అడ్డంగా ఆనించండి. ఉంగరం వేలు మడతను తాకాలి. చూపుడు వేలు అంచు ఎక్కడ ఆగిందో అక్కడ గుర్తు పెట్టుకుని పిడికిలి కొంచెం బిగించండి. రెండు సన్నని తాళ్లలాంటివి పైకి తేలతాయి. చాలామంది నరాలనుకుంటారు గానీ అవి కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులు. వాటి మధ్య పల్లమే అసలు చోటు. చైనా వైద్యంలో దాన్ని నేగ్వాన్ అంటారు, పీ6 అని కూడా రాస్తారు.

పిడికిలి వదిలేసి, బొటనవేలి మెత్తటి భాగంతో చిన్న సున్నాలు చుడుతున్నట్టు 2, 3 నిమిషాలు నొక్కండి. గోరు తగలకూడదు. ఒత్తిడి తెలియాలి, నొప్పి పుట్టకూడదు. తర్వాత రెండో చేయి. వికారం మొదలయ్యాక కాకుండా బయలుదేరే ముందే చేసి చూడండి.

ఆపరేషన్ తర్వాతి వికారానికి ఈ చోటు ఉపయోగపడుతుందని పరిశోధనల్లో తేలింది. ప్రయాణాల విషయంలో ఫలితాలు అంత స్పష్టంగా లేవు, కాబట్టి మందు వాడుతుంటే మానేయకండి.

కమిలిన చేతిని మాత్రం మానేదాకా ముట్టుకోవద్దు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందు డాక్టరును అడగండి. ప్రయాణం లేని రోజుల్లో కూడా వాంతులు, తీవ్రమైన తలనొప్పి వస్తుంటే వెంటనే చూపించుకోండి.