కొలిమి దగ్గర పరిశోధన: మా అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి మెటలర్జీలో ఇంజినీరింగ్ పూర్తిచేసింది. లోహ పరిశ్రమల్లో ఇంధన వినియోగం తగ్గించే పరిశోధన ప్రాజెక్టులో సహాయకురాలిగా అవకాశం వచ్చింది. నిధులు ప్రభుత్వానివి, గడువు మూడేళ్లు. మరోవైపు ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ ఇచ్చిన నియామక పత్రం కూడా చేతిలో ఉంది. తను ప్రాజెక్టు వైపే మొగ్గుతోంది. మూడేళ్ల తరువాత నిధులు ఆగిపోతే పరిస్థితి ఏమిటని మా బెంగ. ఏం చేయమంటారు? – ఒక తండ్రి

జవాబు: ప్రభుత్వ నిధులన్న మాట మిమ్మల్ని సగం ఊరించి, సగం భయపెట్టినట్టుంది. ప్రభుత్వ ఉద్యోగం వేరు, ప్రభుత్వం డబ్బు పెట్టే ప్రాజెక్టు వేరు. రెండోదానిలో గడువు తీరిన రోజున ప్రధాన పరిశోధకుడు తప్ప అందరూ సామాను సర్దుకోవలసిందే. ఆ విషయంలో మీకు ఏ భ్రమా వద్దు. అయితే ఆ తరువాత తన గతి ఏమిటన్నది ఈ మూడేళ్లూ తన చేతికి ఏ పని అప్పగిస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఉత్తరమంతా వెతికాను, ఆ ముక్క మీరు రాయలేదు.

ముందు ఈ రంగం సంగతి చెబుతాను. ఖనిజం నుంచి ఇనుము కరిగించి తీసే భారీ కొలిమి బ్లాస్ట్ ఫర్నేస్. ఒకసారి నిప్పు పెట్టాక దాన్ని పదిహేను, ఇరవై ఏళ్ల పాటు ఆరనివ్వరు. లోపలి ఇటుక అరిగిపోయాకే దాన్ని పూర్తిగా ఆపి మరమ్మతు చేస్తారు. అలాంటిదానిపై కొత్త ఉపాయం ప్రయత్నిద్దామంటే ఏ యజమానీ ఒప్పుకోడు. బెడిసికొడితే నష్టమంతా తనది, ఫలిస్తే పోటీదారు కూడా నేర్చుకుంటాడు. అందుకే ప్రయోగశాల నుంచి కర్మాగారం దాకా ఉన్న దారి ఖర్చులో కొంత ప్రజాధనం మోస్తుంది. మిగుల్చుకోవడానికి ఉన్నది కూడా తక్కువేమీ కాదు. ప్రపంచం వాడే శక్తిలో సుమారు 8 శాతం ఇనుము, ఉక్కు పరిశ్రమకే పోతోంది. అల్యూమినియాన్ని 1886లో హాల్, హెరౌ ఎవరికి వారుగా కనిపెట్టిన పద్ధతిలోనే నేటికీ తీస్తున్నారు. సిద్ధాంతం ప్రకారం కిలో లోహానికి 6 యూనిట్లకు అటూ ఇటూ విద్యుత్తు చాలు. అల్యూమినియం తీసే కర్మాగారాల్లో, అంటే స్మెల్టర్లలో ఖర్చయ్యేది 13, 14 యూనిట్లు. ఈ తేడా ఒకటి రెండు ప్రాజెక్టులతో తీరేది కాదు, కాబట్టి పనికి కొరత రాదు.

నేను కౌన్సెలింగ్‌లోకి రాకముందు కొన్నేళ్లు ఒక రోలింగ్ మిల్లులో పనిచేశాను. సాగదీయడానికి ముందు ఉక్కు దిమ్మెలను, అంటే బిల్లెట్లను 1,200 డిగ్రీల దాకా కాల్చే రీహీటింగ్ ఫర్నేస్ దగ్గర డ్యూటీ. తెరపై వేడి అంకె తగ్గితే బర్నర్లు పెంచడం, పెరిగితే తగ్గించడం, అంతకుమించి మేము ఆలోచించింది లేదు. ఒకసారి ప్రభుత్వ నిధులతో నడిచే పరిశోధన బృందం వచ్చి నెలరోజులు మా దగ్గరే ఉంది. వాళ్లలో అందరికన్నా చిన్నమ్మాయి పొగ మార్గంలోకి ఒక గొట్టం దూర్చి, ఆక్సిజన్ శాతం రాసుకుంటూ వారమంతా కూర్చుంది. ఈ మాత్రం దానికి ఇంత చదువు ఎందుకని మాలో మేము నవ్వుకున్నాం కూడా.

రెండు మూడు శాతం ఉండవలసిన ఆక్సిజన్ తొమ్మిది దాకా ఉందని తేలింది. అంటే మంటకు అక్కర్లేని గాలిని ఇంధనం పోసి కాచి, పొగగొట్టంలోంచి పైకి పంపుతున్నాం. బర్నర్లు చూస్తే సరిగానే ఉన్నాయి. చివరికి దొరికిందేమిటంటే, బిల్లెట్లు బయటికి వచ్చే తలుపు ఎప్పుడో వంగిపోయి, కింద బెత్తెడు సందు ఏర్పడింది. కొలిమి ఆ సందులోంచి చల్లగాలిని పీల్చుకుంటోంది. రోజూ దాని ముందు నుంచే నడిచేవాళ్లం. ఆ తరువాత కొలిమిలో వేడిని కొలిచే థర్మోకపుల్ గుట్టు కూడా బయటపడింది. దాని తొడుగుకు పొలుసు పట్టి, లోపలున్న వేడికన్నా తక్కువ చూపిస్తోంది. మేము దాన్ని నమ్మి మంట పెంచుతూ పోయాం. ఆ మంటకు, ఆ గాలికి బిల్లెట్ పైపొర పొలుసై రాలిపోయేది. ఇంధనంతో పాటు ఉక్కునూ తగలేశామన్నమాట.

ఆ అమ్మాయి చేసినదాన్ని హీట్ బ్యాలెన్స్ అంటారు. లోపలికి పోసిన వేడి ఎంత, లోహానికి ఎక్కింది ఎంత, పొగలో, గోడల్లో, తలుపుల్లో పోయింది ఎంత అని జమాఖర్చు రాయడం. వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది కానీ ఉక్కు, రాగి, గాజు, సిమెంటు, ఏ కొలిమి దగ్గరికి వెళ్లినా కూడు పెట్టే విద్య. పొగలో పోయే వేడిని మళ్లించి, మంటకు వెళ్లే గాలిని ముందే కాస్తే ప్రతి 20 డిగ్రీలకు ఇంధనం సుమారు 1 శాతం మిగులుతుందని ఈ రంగంలో ఒక మోటు లెక్క ఉంది. మీ అమ్మాయి అలాంటి లెక్కను ఒక నిజమైన కొలిమిపై తానే వేసి, మార్పు చేయించి, మళ్లీ కొలిచి చూపగలిగితే తరువాతి ఉద్యోగానికి అంతకు మించిన సిఫారసు ఉత్తరం ఉండదు.

ఇక మీ భయం. అది ఉత్తదని అనను. 2004లో యూరప్‌లో 48 సంస్థలు కలిసి, ఐరోపా సంఘం నిధులతో అల్కోస్ అనే ఉక్కు పరిశోధన కార్యక్రమం మొదలుపెట్టాయి. బ్లాస్ట్ ఫర్నేస్ పైనుంచి వచ్చే వాయువును శుద్ధిచేసి మళ్లీ లోపలికే పంపే పద్ధతిని స్వీడన్‌లోని లులియోలో చిన్న కొలిమిపై పరీక్షిస్తే బాగానే పనిచేసింది. తీరా ఫ్రాన్స్‌లోని ఫ్లోరాంజ్‌లో పెద్ద ఎత్తున కట్టవలసి వచ్చేసరికి, 2012 చివర్లో అక్కడి ఉక్కు కంపెనీ ఆర్సెలర్‌మిత్తల్ వెనక్కి తగ్గింది. అదే కార్యక్రమంలో పుట్టిన హైసార్నా అనే మరో పద్ధతికి మాత్రం నెదర్లాండ్స్‌లోని ఐముడెన్‌లో నమూనా కర్మాగారం లేచింది. ఒకే గొడుగు కింద ఉన్న రెండు ప్రాజెక్టుల జాతకాలు ఇంత వేరుగా ఉన్నాయి. కొన్నిసార్లు ఫలితం ఎవరూ ఊహించని చోట తేలుతుంది కూడా. చంద్రుడి మట్టిలోంచి ఆక్సిజన్ తీసే ఉపాయం కోసం నాసా డబ్బుతో అమెరికాలోని ఎమ్ఐటీ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ శాడోవే బృందం కరిగిన ఖనిజంలోకి కరెంటు పంపి చూసింది. ఇనుమును బొగ్గు లేకుండా తీయాలని చూస్తున్న బోస్టన్ మెటల్ సంస్థకు మూలం ఆ పనే.

కాబట్టి చేరే ముందు మీ అమ్మాయి ప్రధాన పరిశోధకుడిని మొహమాటం లేకుండా కొన్ని సంగతులు అడగాలి. కర్మాగారంతో ఒప్పందం సంతకమైందా, ఇంకా మాటల్లోనే ఉందా? నెలకు ఎన్ని రోజులు కొలిమి దగ్గర, ఎన్ని రోజులు కంప్యూటర్ ముందు? కంపెనీ తన లెక్కలను గోప్యమంటే తను వ్యాసాలు ప్రచురించుకోవచ్చా? పీహెచ్‌డీకి నమోదు చేసుకునే వీలుందా? నిధులు వాయిదాల్లో వస్తాయి, వాయిదా ఆలస్యమైతే జీతం ఎవరిస్తారు? ఈ చివరి ప్రశ్న అడగడానికి పిల్లలు సిగ్గుపడతారు. నాలుగు నెలలు జీతం రాక ఇంటి నుంచి డబ్బు తెప్పించుకున్నవాళ్లు నాకు తెలుసు. ప్రాజెక్టు పేరులో ఇంధన ఆదా అని ఉందా, కర్బన ఉద్గారాల తగ్గింపు అని ఉందా అన్నది కూడా చూడమనండి. హైడ్రోజన్‌తో ఇనుము తీస్తే పొగ తగ్గుతుంది కానీ ఆ హైడ్రోజన్ తయారీకి కరెంటు విపరీతంగా కావాలి. రెండు చోట్లా నేర్చుకునే విద్యలు వేరు.

కొలిమి దగ్గర పని ఉందంటే నా ఓటు ప్రాజెక్టుకే. ఎవరో కొలిచిన అంకెలతో మూడేళ్లు నివేదికలు తయారు చేయడమే అయితే సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే మేలు, కనీసం జీతం సమయానికి వస్తుంది. మధ్యేమార్గంగా తను ఇప్పటినుంచే కొంత ప్రోగ్రామింగ్ అలవాటు చేసుకోవచ్చు. కొలిమిలోని వేడిని కంప్యూటర్‌లో లెక్కగట్టే నమూనాలు లేకుండా ఈ రంగంలో ఇప్పుడు పెద్ద ప్రాజెక్టులు నడవడం లేదు.

సాఫ్ట్‌వేర్ సంస్థకు జవాబు రాయడానికి ఇంకా గడువు ఉంటే, ఈలోగా ఒక్క రోజు ఆ కొలిమి చూపించమని ప్రాజెక్టు వాళ్లను అడగమనండి. ఒక పూట షిఫ్టు మొత్తం అక్కడే నిలబడి చూసి రావాలి. ఆ వేడి, ఆ మోత, ఆ దుమ్ము చూసి ఇంటికి వచ్చాక తను ఏమంటుందో నాకు రాయండి.